పొయ్యి వెనక గోడకి గ్లాస్ వేయిద్దామనుకుంటున్నారా? ఆర్డర్ ఇచ్చే ముందు ఇవి తేల్చుకోండి

వంటింట్లో పొయ్యి వెనక గోడ పడే పాట్లు ఇంట్లో ఇంకే గోడా పడదు. పోపులో ఆవాలు చిటపటలాడితే ఎగిరే నూనె, చారు పొంగితే చింది పడే పసుపు నీళ్ళు, సాయంత్రం బజ్జీలు వేస్తే లేచే నూనె ఆవిరి, అన్నీ అక్కడికే చేరతాయి. టైల్స్ ఇవన్నీ బాగానే తట్టుకుంటాయి గానీ టైలుకీ టైలుకీ మధ్య నింపిన సిమెంటు గ్రౌట్ తట్టుకోదు, పసుపునీ నూనెనీ పీల్చుకుని కొన్నాళ్ళకి గోధుమ రంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత ఎంత రుద్దినా మొదటి తెలుపు రాదు. గ్లాస్ బ్యాక్‌స్ప్లాష్, అంటే పొయ్యి వెనక గోడకి అతికించే గాజు పలక, వేయించుకోవడానికి అసలు కారణం నా లెక్కలో ఇదే. మెరుస్తుంది, చిన్న వంటిల్లు కాస్త పెద్దగా కనిపిస్తుంది, అవన్నీ నిజమే, కానీ అతుకుల్లేని పలక కాబట్టి ఒక్క తుడుపుతో శుభ్రమవుతుంది, రోజూ వంట చేసేవాళ్ళకి కావాల్సింది అది.

అయితే మొదటే ఒక విషయం మనసులో పెట్టుకోండి. పొయ్యి దగ్గర వాడాల్సింది టఫెన్డ్ గ్లాస్, అంటే కాల్చి గట్టిపరిచిన గాజు. అది ఫ్యాక్టరీలో తయారై వచ్చాక ఇక దాన్ని కోయలేరు, చిల్లు పెట్టలేరు, ఒక పక్క 2 ఎంఎం ఎక్కువైందని అరగదీయనూ లేరు. ప్రయత్నిస్తే పలక మొత్తం ఒక్కసారిగా పొడిపొడిగా రాలిపోతుంది. టైల్ అయితే మేస్త్రీ అక్కడికక్కడే కట్టర్ పెట్టి సర్దేస్తాడు, స్విచ్ బోర్డు జరిగినా, కుళాయి మారినా ఏదో ఒకటి చేసేస్తాడు. గ్లాస్‌తో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఆలోచించాల్సినదంతా ఆర్డర్ ఇచ్చేలోపే ఆలోచించెయ్యాలి. ఇక్కడ నేను చెప్పేది కూడా ఎక్కువ భాగం ఆ ముందు చేయాల్సిన పని గురించే.

ముందు గ్లాస్ ఏదో తేల్చుకోండి

షాపుకి వెళ్ళి "కిచెన్‌కి కలర్ గ్లాస్ కావాలి" అంటే చాలాచోట్ల ముందుగా చూపించేది 4 ఎంఎం లాకర్డ్ గ్లాస్. మామూలు గాజుకి వెనకవైపు రంగు వేసి ఫ్యాక్టరీ నుంచే షీట్లుగా వస్తుంది, రంగులు చాలా ఉంటాయి, ధరా తక్కువే, వార్డ్‌రోబ్ తలుపులకి అద్భుతంగా ఉంటుంది. పొయ్యి వెనక మాత్రం వద్దు. మామూలు గాజులో ఒకచోట వేడెక్కి పక్కన చల్లగా ఉంటే, ఆ తేడా 40 డిగ్రీల దగ్గరికి వస్తేనే పగుళ్ళు మొదలవ్వచ్చు, పైగా పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. టఫెన్డ్ గ్లాస్‌ని 600 డిగ్రీలు దాటేలా కాల్చి, గాలి కొట్టి గబగబా చల్లారుస్తారు, దాంతో అది మామూలు గాజుకి నాలుగైదు రెట్లు గట్టిపడుతుంది, సుమారు 200 డిగ్రీల తేడా దాకా తట్టుకుంటుంది, ఒకవేళ పగిలినా మొద్దు అంచుల చిన్న చిన్న ముక్కలవుతుంది.

"ఆ లాకర్డ్ షీట్‌నే టఫెన్ చేసిస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి. మామూలు రంగు ఆ కొలిమిలో మాడిపోతుంది. సరైన వరుస ఇది: ముందు కోయడం, తర్వాత చిల్లులు, తర్వాత అంచుల పాలిష్, ఆ తర్వాత టఫెన్ చేయడం, చివర్లో వెనకవైపు రంగో ప్రింటో. గాజుతోపాటే కొలిమిలో కాలి అతుక్కుపోయే సిరామిక్ రంగులు కూడా ఉన్నాయి, అవి అన్నిటికంటే గట్టివి, కాకపోతే ఒక్క వంటింటి కోసం చేసేవాళ్ళు అన్నిచోట్లా దొరకరు. దొరికితే వదులుకోకండి.

మందం 6 ఎంఎం తీసుకోండి, మన వంటిళ్ళకి అది చాలు. 8 ఎంఎం వేస్తే బరువు పెరగడం తప్ప అదనంగా ఒరిగేదేమీ లేదు. 6 ఎంఎం గ్లాస్ చదరపు మీటరుకి 15 కిలోలు తూగుతుంది, అంటే 8 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు పలక దాదాపు 22 కిలోలు.

వచ్చింది నిజంగా టఫెన్డేనా అని చూసుకోవడానికి పలక మూలలో చెరగని ముద్ర ఉండాలి, తయారీదారు పేరు, వీలైతే సేఫ్టీ గ్లాస్‌కి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 గుర్తు. ఆ ముద్ర ఏ మూలలో రావాలో ముందే చెప్పి చిమ్నీ వెనకకో కప్‌బోర్డు చాటుకో వెళ్ళేలా చూసుకోండి, లేకపోతే సరిగ్గా కళ్ళెదురుగా వచ్చి కూర్చుంటుంది. పోలరైజ్డ్ కళ్ళజోడు ఉంటే పగటి వెలుతురులో పలకని ఏటవాలుగా చూడండి, టఫెన్డ్ అయితే మచ్చలు మచ్చలుగానో చారలుగానో నీడలు కనబడతాయి.

గోడ మీద ఏమేమి ఉండబోతున్నాయో రాసుకోండి

అందరూ తేలిగ్గా తీసుకునేది ఈ పనే, తర్వాత బాధపడేదీ దీని గురించే. ఒక కాగితం తీసుకుని వంటగట్టు ముందు నిలబడండి. మిక్సీ ప్లగ్గు ఎక్కడ, గ్రైండర్ ఎక్కడ, ఇండక్షన్ స్టవ్ ఎప్పుడైనా పెడతారా, ఫ్రిజ్ పక్కన ఇంకో పాయింట్ కావాలా? సింకు కుళాయి గోడలోంచి వస్తుందా, గట్టు మీదనుంచా? మన ఇళ్ళలో ఇంకా చాలా వరకు గోడ కుళాయిలే, దానికి చిల్లు కావాలి. ఆర్.ఓ. వాటర్ ఫిల్టర్ గోడకి వేలాడుతుంది కాబట్టి దాని స్క్రూలకి రెండు చిల్లులు, నీళ్ళ పైపుకి ఇంకొకటి. పైపు గ్యాస్ కనెక్షన్ ఉన్న అపార్ట్‌మెంట్లలో ఆ పైపు, వాల్వు ఎక్కడ వస్తాయో చూడాలి, ఇంకా రాకపోయినా రేపో మాపో వస్తుందంటే ఆ దారి వదిలిపెట్టాలి. గరిటెల స్టాండు, పోపు డబ్బాల షెల్ఫు, ఇవన్నీ ఎక్కడ?

ఫిల్టర్ విషయంలో నా సలహా, దాన్ని గ్లాస్ మీద కాకుండా పక్క గోడకి మార్చేయండి. ఫిల్టర్లు కొన్నేళ్ళకోసారి మారుస్తాం, కొత్తదాని స్క్రూ చిల్లులు పాతదాని చోట రావు. గరిటెల స్టాండుకైతే పై కప్‌బోర్డు అడుగు భాగానికి స్టీలు రాడ్ బిగించుకుంటే గ్లాస్ జోలికి వెళ్ళక్కర్లేదు. గ్లాస్ వేశాక ఏదైనా తగిలించాలంటే జిగురు హుక్కులు మాత్రమే గతి, నూనె ఆవిరికి అవి ఎన్నాళ్ళు నిలుస్తాయో చెప్పలేం.

స్విచ్ బోర్డులు కూడా వీలైనంత తగ్గించండి. చెల్లాచెదురుగా ఉన్న మూడు చిన్న బోర్డుల కంటే ఒక పెద్ద మాడ్యులర్ బోర్డు నయం, చిల్లుల ఖర్చు తగ్గుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. సింకుకి దూరంగా, పొయ్యికి దూరంగా పెట్టించండి.

డిజైన్, రంగు

ఇక్కడ తొందరపడకండి, ఎందుకంటే గోడకి సున్నం మార్చినంత తేలిగ్గా గ్లాస్ మార్చలేం.

మన వంటిళ్ళలో గట్టు చాలావరకు నల్ల గ్రానైటే. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే, లోపల బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ మీ గట్టు అయితే దాని వెనక మళ్ళీ నలుపో ముదురు నీలమో వేస్తే వంటిల్లు గుహలా తయారవుతుంది. మీగడ రంగు, లేత బూడిద, లేత ఆకుపచ్చ, ఆ బంగారు చుక్కలతో కలిసే లేత పసుపు మట్టి రంగు, ఇవి నల్ల గట్టు మీద చక్కగా నిలబడతాయి. ముదురు రంగుకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నీటి చుక్క ఎండిన ప్రతి మచ్చా, వేలిముద్రా, నూనె పొరా దాని మీద కొట్టొచ్చినట్టు కనబడతాయి. బోరు నీళ్ళు వాడే ఇళ్ళయితే మరీనూ, ఆ నీళ్ళలోని ఉప్పు తెల్ల మరకలుగా దిగుతుంది. తెల్ల క్వార్ట్జ్ గట్టు ఉన్నవాళ్ళు మాత్రం ముదురు రంగుకి ధైర్యం చేయొచ్చు, అదీ పొయ్యి వెనక ఒక్క పలక వరకే.

తెలుపు కావాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. మామూలు గాజులో ఇనుము శాతం వల్ల కొద్దిగా ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. వెనక తెల్ల రంగు వేస్తే ముందు నుంచి చూసినప్పుడు అది లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది, లేత గులాబీ, మీగడ రంగుల్లోనూ ఆ తేడా తెలుస్తుంది. అచ్చమైన తెలుపు కావాలంటే ఎక్స్‌ట్రా క్లియర్ గ్లాస్ అని అడగాలి, దాంట్లో ఇనుము తక్కువ, ధర ఎక్కువ. లేత ఆకుపచ్చో బూడిదో ఎంచుకుంటే ఆ అదనపు ఖర్చు అక్కర్లేదు.

రంగు కార్డు చూసి ఆర్డర్ ఇవ్వొద్దు. మీరు ఎంచుకున్న రంగు వేసిన గాజు ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, కనీసం అరచేతి వెడల్పు ఉండాలి, దాన్ని మీ గట్టు మీద గోడకి నిలబెట్టి పగలు చూడండి, రాత్రి లైటు వేసి చూడండి. పడుకోబెట్టి చూస్తే రంగు వేరుగా ఉంటుంది.

ఇక ప్రింట్లు. షాపు క్యాటలాగ్‌లో నిమ్మకాయలు నీళ్ళలో పడుతున్న ఫొటో, కాఫీ గింజలు, ఎండుమిర్చి కుప్ప, విదేశీ వీధి దృశ్యం, ఇవే కనిపిస్తాయి. అవి చూసీ చూసీ త్వరగా మొహం మొత్తుతుంది. మనకి ఇంతకంటే మంచివి ఉన్నాయి. పోచంపల్లి ఇక్కత్ నమూనా అయితే వంటింటికి ఎంతో నప్పుతుంది. నూలుకే ముందు రంగు అద్ది నేస్తారు కాబట్టి దాని అంచులు సహజంగానే కాస్త చెదిరినట్టు ఉంటాయి, పెద్దగా ప్రింటు చేసినా వికారంగా కనిపించదు. కలంకారీ వేయించుకోవాలంటే పెడన, మచిలీపట్నం వైపు చెక్క అచ్చుల లతలూ పూలూ మంచి ఎంపిక, ఒకే నమూనా మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి పొడవాటి గోడకి సరిపోతుంది, మధ్యలో స్విచ్ బోర్డు వచ్చినా ఇబ్బంది ఉండదు. శ్రీకాళహస్తి కలంకారీలో కలంతో గీసిన బొమ్మలుంటాయి, వాటి ముఖం మీదకో చేతి మీదకో ప్లగ్గు వస్తే ఎంత బాధగా ఉంటుందో ఊహించుకోండి, పైగా దేవుడి బొమ్మ మీద పోపు చిందడం ఇంట్లో పెద్దవాళ్ళకి నచ్చదు. అలాంటివి హాల్లోకి వదిలేయండి. చుక్కల ముగ్గు తెల్ల గీతలతో లేత మట్టి రంగు మీద వేయిస్తే చాలా హాయిగా ఉంటుంది, ఖరీదూ పెద్దగా కాదు, మీ అమ్మగారో అత్తగారో వేసే ముగ్గునే కాగితం మీద గీయించి డిజైనర్‌కి ఇవ్వొచ్చు.

ప్రింటు ఫైలు విషయంలో గట్టిగా ఉండండి. 8 అడుగులు, 2 అడుగుల పలకకి అంగుళానికి 100 చుక్కల లెక్కన చూసినా 9600 గుణించు 2400 పిక్సెళ్ళు కావాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో దీనికి పనికిరాదు, సాగదీస్తే మసకబారుతుంది. ముగ్గు, ఇక్కత్ లాంటి నమూనాలు వెక్టర్ ఫైలుగా, అంటే చుక్కలతో కాకుండా గీతల లెక్కతో దాచే ఫైలుగా గీయిస్తే ఎంత పెద్దదైనా స్పష్టంగా వస్తాయి. ప్రింటు పడేది గాజు వెనకవైపు కాబట్టి బొమ్మ కుడి ఎడమలు తిప్పి వేస్తారు, దాని వెనక తెల్ల పొర ఒకటి వేయాలి, అది లేకపోతే గోడ రంగు లోపలినుంచి కనబడి బొమ్మ చప్పబడుతుంది. రెండూ అడిగి నిర్ధారించుకోండి. స్విచ్ బోర్డు చిల్లులు గుర్తుపెట్టిన డ్రాయింగ్ మీదే బొమ్మ పెట్టి చూపించమనండి.

పొయ్యి వెనక ముఖం చూసుకునే అద్దం మాత్రం వేయించకండి. వాస్తు చూసేవాళ్ళు ఎలాగూ వద్దంటారు, వాస్తు పక్కన పెట్టినా ప్రతి నూనె చుక్క అందులో రెండుగా కనబడుతుంది. గీతలు గీతలుగా ఉండే ఫ్లూటెడ్ గ్లాస్ ఇప్పుడు బాగా నడుస్తోంది, కప్‌బోర్డు తలుపులకి ముచ్చటగా ఉంటుంది, పొయ్యి వెనక మాత్రం ఆ గీతల్లో జిడ్డు దాక్కుంటుంది.

చిన్న చిన్న గాజు పలకల మొజాయిక్ సంగతి కూడా చెప్పాలి. చూడ్డానికి అందంగా ఉంటుంది, షీట్లుగా దొరుకుతుంది, ఓపిక ఉంటే మీరే అతికించుకోవచ్చు. కాకపోతే గ్రౌట్ గొడవ మళ్ళీ మొదటికొస్తుంది, టైల్స్ కంటే ఇందులో గీతలు ఎక్కువ. వేయాలనే ఉంటే తెల్ల రంగు టైల్ అడ్హెసివ్ వాడండి, బూడిద రంగుది వాడితే గాజులోంచి కనబడి రంగు మారుతుంది, గ్రౌట్ తప్పనిసరిగా ఎపాక్సీదే వాడండి, దానికి పసుపు అంత తేలిగ్గా అంటదు. నన్నడిగితే సింకు వైపు మొజాయిక్, పొయ్యి వెనక ఒకే పలక.

బడ్జెట్ తక్కువైతే గోడంతా గ్లాస్ అక్కర్లేదు. చిమ్నీ వెడల్పు ఎంతో అంత, 2 అడుగులో 3 అడుగులో, గట్టు నుంచి చిమ్నీ దాకా ఒక్క పలక వేసి మిగతా గోడకి బిల్డర్ వేసిన డాడో టైల్స్ (గట్టు పైన గోడకి వేసే టైల్స్) అలాగే వదిలేయండి. మురికి పడేది ఎక్కువగా ఆ మధ్య భాగం మీదే. ఇక్కత్ ప్రింటు ఆ ఒక్క పలక మీద ఉంటే గోడకి పటం కట్టినట్టు ఉంటుంది.

గోడని సిద్ధం చేయడం

గోడకి చెమ్మ ఉంటే ముందు దాని సంగతి చూడండి. వెనక బాత్రూమ్ ఉన్న గోడలయితే మరీ జాగ్రత్త, లోపల తేమ ఉండగా గ్లాస్ వేస్తే రంగు వెనకనుంచి పొరలు లేస్తుంది.

పాత టైల్స్ మీదే గ్లాస్ వేయొచ్చు, పగలగొట్టక్కర్లేదు. ఒక రూపాయి బిళ్ళతో ఒక్కో టైలునీ తట్టండి, డొల్ల శబ్దం వస్తే అది లోపల వదులైందని, దాన్ని తీసి సిమెంటుతో నింపి చదును చేయాలి. మిగతావాటి మీద జిడ్డు వేడినీళ్ళు, సోపుతో పోగొట్టి బాగా ఆరనివ్వాలి. లప్పం పెట్టి రంగు వేసిన గోడ అయితే, గ్లాస్‌ని అతికించే సిలికాన్ జిగురు ఆ రంగుని గట్టిగానే పట్టుకుంటుంది, కానీ ఆ రంగే లప్పంతో సహా గోడని వదిలేస్తుంది, 20 కిలోల పలక దానికి వేలాడుతోందని మర్చిపోకండి. గ్లాస్ వచ్చే మేరకు రంగూ లప్పమూ గీకేసి సిమెంటు ప్లాస్టరు దాకా వెళ్ళి ప్రైమర్ కొట్టించండి.

తర్వాత రసమట్టం పెట్టి, పొడవాటి అల్యూమినియం పట్టీ ఆనించి గోడ ఎక్కడ ఉబ్బింది, ఎక్కడ లోతుంది చూడండి. 2, 3 ఎంఎం తేడాని సిలికాన్ సర్దుకుంటుంది. అంతకు మించితే మేస్త్రీతో చదును చేయించాల్సిందే, వంకర గోడకి గాజుని నొక్కి బిగిస్తే అది ఒత్తిడిలోనే ఉండిపోతుంది.

కొలతలు

గట్టు గ్రానైటు, పై కప్‌బోర్డులు, కరెంటు పని, ఈ మూడూ పూర్తయ్యాకే కొలవాలి. డ్రాయింగ్ చూసి కొలత ఇవ్వడం, కప్‌బోర్డు ఎలాగూ ఇక్కడే వస్తుంది కదా అని ఊహించడం, రెండూ వద్దు.

గట్టు నుంచి పై కప్‌బోర్డు దాకా మామూలుగా 2 అడుగులు ఉంటుంది, కానీ ఎడమ చివర, మధ్యలో, కుడి చివర వేరువేరుగా కొలవండి, మూడూ ఒకేలా రావడం అరుదు. పొడవు కూడా కింద, మధ్య, పైన కొలవాలి. మూలలు మూలమట్టంతో చూడండి. గోడ మూల సరిగ్గా 90 డిగ్రీలు లేకపోతే పలకని కూడా ఆ వంకరకి తగ్గట్టే కోయించాలి. అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి పలుచటి ప్లైవుడ్‌తోనో గట్టి అట్టతోనో అచ్చంగా పలక ఆకారం కోసి, బోర్డుల చిల్లులతో సహా గోడకి పెట్టి చూసి, ఆ నమూనానే గ్లాస్ వాళ్ళకి ఇవ్వడం. కాస్త పని ఎక్కువే, కానీ చిల్లులు నాలుగైదు ఉన్న గోడకి ఇది చేయకుండా ఆర్డర్ ఇవ్వకండి.

చుట్టూ 2 నుంచి 3 ఎంఎం ఖాళీ వదలాలి, గ్రానైటు దగ్గర, గోడ మూల దగ్గర, రెండు పలకల మధ్య కూడా. గాజు నేరుగా రాయికి తగలకూడదు. బోర్డు చిల్లు లోపలి పెట్టె కంటే కొంచెం పెద్దగా, పై ప్లేటు కంటే చిన్నగా ఉండాలి, చిల్లు మూలలు కొసగా కాకుండా గుండ్రంగా ఉండాలి, కొస మూల దగ్గరే పగులు మొదలవుతుంది. చిల్లు పలక అంచుకి మరీ దగ్గరగా వస్తుంటే ఫ్యాక్టరీ వాళ్ళు ఒప్పుకోరు, అప్పుడు బోర్డునే జరపాల్సి వస్తుంది, అందుకే ఈ డ్రాయింగ్ వాళ్ళకి ముందే చూపించి ఖాయం చేసుకోండి.

చిమ్నీ దగ్గర పలకని చిమ్నీ అడుగు అంచుతో ఆపకుండా 2, 3 అంగుళాలు దాని వెనకకి తీసుకెళ్ళండి, లేకపోతే ఆ సందులో జిడ్డు చేరి తీయడానికి చెయ్యి కూడా దూరదు. చిమ్నీ దింపి, గ్లాస్ వేశాక మళ్ళీ బిగించాలి, బ్రాకెట్ వెనక గ్లాస్ మందం మేరకు ఏదైనా పెట్టకపోతే చిమ్నీ ముందుకు వాలుతుంది.

గోడ పొడవుకి రెండు పలకలు పడితే వాటి మధ్య అతుకు ఎక్కడ రావాలన్నది మీరే చెప్పండి, గ్లాస్ వాళ్ళకి వదిలేయొద్దు. పొయ్యి వెనక అతుకు రాకూడదు. కప్‌బోర్డు రెండు తలుపులు కలిసే గీతకి సూటిగా కింద వస్తే కంటికి ఆనదు. అపార్ట్‌మెంట్ అయితే ఇంకొకటి చూసుకోండి, లిఫ్టులో ఎంత పొడవు పలక పడుతుంది, మెట్ల మలుపులో తిరుగుతుందా? అయిదో అంతస్తుకి 10 అడుగుల పలక మోసుకురావడం మాటలు కాదు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు

ధర చదరపు అడుగుకి ఇంత అని చెబుతారు. ఆ రేటులో ఏముందో విడివిడిగా అడిగి కాగితం మీద రాయించుకోండి: టఫెన్ చేయడం, అంచు పాలిష్, ఒక్కో చిల్లు, రంగు లేదా ప్రింటు, రవాణా, బిగించడం, జీఎస్టీ. చాలాచోట్ల కొలతని పైకి సర్ది లెక్కకడతారు, 22 అంగుళాల ఎత్తుకి 24 అంగుళాల డబ్బు తీసుకుంటారు, ఇది ఆ వ్యాపారంలో మామూలే, కాకపోతే ముందే తెలిస్తే మంచిది. కనబడే అంచులన్నీ పాలిష్ చేయమనండి. వెనకవైపు సేఫ్టీ ఫిల్మ్ వేయగలరా అని అడగండి, ఒకవేళ పగిలినా ముక్కలు గోడకే అంటుకుని ఉంటాయి. టఫెన్డ్ గ్లాస్ చాలా అరుదుగా లోపలి సూక్ష్మమైన లోపం వల్ల ఏ దెబ్బా తగలకుండానే పగలొచ్చు, పిల్లలు తిరిగే ఇంట్లో ఆ ఫిల్మ్ వేయించుకోవడమే మంచిది.

పలక వచ్చాక బిగించకముందే నాలుగు అంచులూ మూలలూ పరీక్షించండి. అంచు పెచ్చు లేచిన పలకని తీసుకోవద్దు, తర్వాత పగలడానికి అదే కారణమవుతుంది.

బిగించడం

పెద్ద పలక మీరే బిగించుకోవాలని చూడకండి, గ్లాస్ ఫిట్టర్‌ని పిలవండి, కానీ పక్కనే ఉండి ఇవి గమనించండి.

మెయిన్ ఆఫ్ చేసి స్విచ్ బోర్డుల ప్లేట్లు విప్పాలి. జిగురు లేకుండా ఒకసారి పలకని చోట్లో పెట్టి చూడాలి, చిల్లులన్నీ కలిశాయో లేదో అప్పుడే తేలాలి. సిలికాన్ న్యూట్రల్ రకం అయి ఉండాలి. మూత తీయగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే అది ఎసిటిక్ రకం, గాజు వెనక రంగుని పాడుచేస్తుంది, పెట్టనివ్వకండి. ట్యూబు మీద పేరు చదవండి. సిలికాన్‌ని నిలువు గీతలుగా వేయాలి, పొడవునా అడ్డంగా గానీ గుండ్రంగా గానీ వేయకూడదు, ఎందుకంటే అది గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, నిలువు గీతల మధ్య గాలి ఆడుతుంది. లేత రంగు గ్లాస్ అయితే సిలికాన్ గీతలు ముందుకి కనబడుతున్నాయేమో ఒకచోట ఆనించి చూడాలి, కనబడితే రంగు పొర పలుచగా ఉందన్నమాట, పలక వెనక్కి పంపండి.

కింద 2, 3 ఎంఎం ప్లాస్టిక్ ముక్కలు పెట్టి వాటి మీద పలకని నిలబెట్టి, గోడకి ఆనించి అరచేతులతో సమంగా నొక్కి, టేపుతో పట్టి ఉంచాలి. కనీసం 24 గంటలు కదపొద్దు, పొయ్యి వెలిగించొద్దు, వీలైతే ఇంకో రోజు ఆగండి, బయటినుంచి తెప్పించుకుని తినొచ్చు. ఆ తర్వాత ప్లాస్టిక్ ముక్కలు తీసి అంచులన్నీ ఫంగస్ పట్టని శానిటరీ సిలికాన్‌తో నింపాలి. స్విచ్ బోర్డులు ముందుకి వచ్చాయి కాబట్టి పాత స్క్రూలు అందవు, పొడవాటివి ముందే తెప్పించి ఉంచండి. స్క్రూ గాజుని నొక్కేలా మరీ బిగించకూడదు.

కప్‌బోర్డు కింద ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టేవాళ్ళు దాన్ని పాల రంగు మూత ఉన్న అల్యూమినియం ప్రొఫైల్‌లో (పొడవాటి గాడి పట్టీలో) పెట్టించండి, లేకపోతే ఒక్కో బల్బు చుక్కా గ్లాస్‌లో వరసగా కనబడి కళ్ళు చెదురుతాయి.

వాడకం

పొయ్యిని గోడకి ఆనించకుండా ముందుకి జరపండి. మామూలు గిన్నెలతో ఇబ్బంది లేదు, సంక్రాంతికి అరిసెల మూకుడో, చుట్టాలొస్తే బిర్యానీ డేగిసానో పెట్టినప్పుడు దాని అంచు గ్లాస్‌కి తగలకుండా కనీసం రెండంగుళాలు ఎడం ఉండాలి. టఫెన్డ్ గ్లాస్ వేడి తట్టుకున్నా వెనకున్న రంగూ సిలికానూ గంటల తరబడి ఆ సెగ తట్టుకోవు.

వంట అయ్యాక గ్లాస్ గోరువెచ్చగా ఉన్నప్పుడే తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. జిడ్డు ఎక్కువుంటే వేడినీళ్ళలో గిన్నెల లిక్విడ్ నాలుగు చుక్కలు. స్టీలు పీచు, గిన్నెలు తోమే పౌడరు దగ్గరికి రానివ్వకండి, పనిమనిషి ఉంటే ఆమెకీ ముందే చెప్పండి, టఫెన్డ్ అయినంత మాత్రాన గీతలు పడవని కాదు. బోరు నీళ్ళ తెల్ల మరకలకి నీళ్ళు కలిపిన వెనిగర్ గుడ్డకి అద్ది తుడిచి, వెంటనే మంచినీళ్ళతో కడగాలి, అది గట్టు రాయి మీదకి కారనివ్వొద్దు, పాలరాయి అయితే మచ్చ పడిపోతుంది. అంచుల సిలికాన్ నల్లబడినా, లేచినా బ్లేడుతో తీసేసి మళ్ళీ వేయించండి, చిన్న పనే, ఆలస్యం చేస్తే నీళ్ళు వెనకకి దిగి రంగు లేస్తుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు గోడకి అంటించకుండా పొయ్యి వెనక వరకు ఒక చిన్న టఫెన్డ్ పలక కోయించి, కింద రబ్బరు అంచు, పైన రెండు క్లిప్పులతో నిలబెట్టుకోవచ్చు, ఇల్లు మారితే తీసుకెళ్ళొచ్చు. గాజులా కనిపించే యాక్రిలిక్ షీట్ చవగ్గా వస్తుందని పొయ్యి వెనక పెట్టకండి, 100 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది, మంట తగిలితే అంటుకుంటుంది కూడా.

కొలతల డ్రాయింగ్, రంగు కోడ్, ప్రింటు ఫైలు మూడూ బిల్లుతో కలిపి దాచండి. ఎప్పుడైనా ఒక్క పలక మార్చాల్సి వస్తే మిగతావాటితో కలిసే రంగు దొరకడానికి ఆ కోడే ఆధారం.